కేకుల మీద నేనంటించిన కాగితాలు

ఆమె పోయిన రోజు ఇంటి ముందు చేరిన ఆడవాళ్ళు తలా ఒక మాట చెప్పుకున్నారు. ఒకరు ఆమె రాగిపిండితో చేసే చోడి బిస్కట్ల గురించి చెప్పారు, ఇంకొకరు తుఫాను తరవాత వీధంతా పంచిన కొవ్వొత్తుల గురించి చెప్పారు. "నువ్వేటి అప్పా, నోట మాట నేదు? అందరికన్నా నువ్వే కదా దానికి దగ్గిర" అని ఎవరో నన్ను అడిగారు. దుఃఖంతో గొంతు పూడిపోయిందనుకుని మంచినీళ్ళిచ్చారు. తాగాను. నా గొంతు బాగానే ఉంది. చెప్పాల్సిన మాట ఒకటుంది, అది చెప్పే ధైర్యమే లేకపోయింది.

మా చుట్టుపక్కల అందరికీ నేను అప్పని, అంటే అక్కని. మొహం మీద అనేసే మనిషినని కూడా అంటారు. నిజమే. పెళ్ళిలో పప్పు మాడితే మాడిందని పెళ్ళికొడుకు తండ్రితోనే చెప్పాను. సర్పంచి తవ్వించిన కాలువలో నీళ్ళు పారవని ఆయన కొబ్బరికాయ కొడుతుండగానే అన్నాను. పారలేదు కూడా. అలాంటి నా నోరు ఒకే ఒక్కసారి మూసుకుపోయింది. దానికి నష్టపోయింది నేను కాదు, ఆమె.

ఆమె పేరు రాయను. పుట్టిందెక్కడ, మెట్టిందెక్కడ అనేవీ రాయను. మొగుడి సంగతి నాకు తెలుసు, రాయడానికి తగిన మనిషి కాదు. ఆమె ఎలా ఉండేదో మాత్రం చెబుతాను.

కుడిచేతి మణికట్టు మీద కాలిన మచ్చలు వరసగా ఉండేవి. ఓవెను తలుపు అంచు తగిలి పడినవి. "ఇయి నా గాజులప్పా. దొంగోడు కూడా ఎత్తుకుపోనేడు" అనేది. కాలిగోళ్ళలో ఎప్పుడూ మైనం ఉండేది. నవ్వొస్తే మోచేతిని నోటికి అడ్డం పెట్టుకునేది, అరచేతుల నిండా పిండి కదా మరి. మిరపకాయ బజ్జీ అంటే పడి చచ్చేది కానీ తీపి నోట పెట్టేది కాదు. "రుచి సూడకుండా ఎలగమ్ముతావే?" అని అడిగితే, "ముక్కున్నాది కదా, అది సాలు" అనేది. తాను చేసిన కేకు ముక్క ఆమె తినగా నేను చూడలేదు. విరిగిన బిస్కట్లు మాత్రం టీలో ముంచుకుని తినేది. విరిగినవి అమ్మితే ఒక పాపమూ, పారేస్తే ఇంకో పాపమూనట.

కొవ్వొత్తులు ఆమెకు తుఫాను నేర్పింది. స్తంభాలు పడిపోయి గజపతినగరం చుట్టుపక్కల ఊళ్ళన్నీ చీకట్లో ఉన్న రోజులవి. కొట్లలో ఒక్క కొవ్వొత్తి మిగల్లేదు. ఆమె ఇల్లిల్లూ తిరిగి, కరిగి గడ్డకట్టిన మైనం పెళ్ళలు ఏరుకొచ్చి పాత గిన్నెలో కరిగించింది. బొప్పాయి ఆకు కాడ లోపల బోలుగా ఉంటుంది కదా, ఒక చివర మట్టితో మూసి, నడిమధ్య నూలు వత్తి నిలబెట్టి, ఆ కరిగిన మైనం పోసింది. చల్లారాక కాడని గోటితో చీలిస్తే లోపల సన్నని కొవ్వొత్తి. అది చూసి నేనే నోరు తెరిచాను. తరవాత తరవాత రేకు అచ్చులు కొనుక్కుంది. చర్చికి పొడుగువి, దీపావళికి రంగువి పోసేది. అయినా బొప్పాయి కాడని వదల్లేదు.

కేకులూ మొదట ఓవెనులో చెయ్యలేదు. చంపావతి ఏటి ఇసక జల్లించి పెద్ద తపేలాలో పోసి, అందులో గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు పరిచేది. డ్వాక్రా సంఘం ద్వారా ఓవెను వచ్చాక కూడా దాని మీద అంకెల్ని నమ్మేది కాదు. చెయ్యి లోపల పెట్టి "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టేది. ఆరు దగ్గర చెయ్యి లాగేసుకోవాల్సొస్తే కేకుకి సరి. పది దాకా ఓర్చుకోగలిగితే బిస్కట్లకి సరి. నేను పక్కనుండి "బేగి పెట్టీవే" అని తరిమేదాన్ని. "నిప్పుకి తొందర్నేదప్పా. తొందరంతా మనదే" అనేది.

పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తి ఊదడం ఆమెకి అస్సలు గిట్టదు. "గుంటడు పుట్టిన దినాన దీపం ఎలిగించి, ఉఫ్ మని ఉమ్ముతో ఊదీడమేటి?" అనేది. మా వైపు పెద్దవాళ్ళందరికీ ఉన్న బాధే అది. పిల్లలు కేకు కావాలంటారు, ముసలివాళ్ళు దీపం ఆర్పనివ్వరు, పుట్టినరోజు పూట ఇంట్లో గొడవ. ఆమె దీనికి ఉపాయం కనిపెట్టింది. లేత బొప్పాయి కాడలో పోసిన, చిటికెన వేలులో సగం ఉండే కొవ్వొత్తి. వెలిగించి, హారతిచ్చి, నలుగురూ అక్షింతలు వేసేలోగా అది దానంతటదే కొండెక్కుతుంది. ఎవరూ ఊదక్కర్లేదు. ఆ తరవాత కేకు కోసుకోవడమే.

ఆ చిన్న కొవ్వొత్తే ఆమెకు పెద్ద ఇళ్ళ తలుపులు తీసింది. గుడి సేవ చేసుకునేవాళ్ళు, సంగీతం చెప్పేవాళ్ళు, మాస్టార్లు, గుడ్డన్న మాట గుమ్మం లోపలికి రానివ్వని వాళ్ళందరూ ఆమె దగ్గర కేకు చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళ కోసం గిన్నె వేరు, గరిటె వేరు. తలారా స్నానం చేసి, ఆ రోజు ఒక్క గుడ్డయినా కొట్టకముందే ఆ కేకులు చేసేసేది. నేను వేళాకోళం చేసేదాన్ని.

"ఏటే, పంతులమ్మవైపోతన్నావా?"

"ఆల్లు కేకుని సూసి తింతన్నారేటప్పా? నన్ను సూసి తింతన్నారు."

పెట్టెలు సర్దడానికి నేనూ పైడమ్మా వెళ్ళేవాళ్ళం. పైడమ్మ మా వీధిదే, నాకన్నా పదేళ్ళు చిన్నది. మా ఇద్దరికీ అక్షరం ముక్క రాదు. అందుకని ఆమె దారాలు కట్టేది. గుడ్డు లేని కేకుకి ఆకుపచ్చ దారం, గుడ్డు వేసినదానికి ఎర్ర దారం. ఓవెనులోంచి తీసిన వెంటనే రేకు పళ్ళేనికి కట్టేది, పెట్టెలోకి మార్చినప్పుడు ఆ దారం పెట్టెకి కట్టేది. రెండేళ్ళలో ఒక్క పొరపాటు జరగలేదు.

నాకు అక్షరాలు నేర్పిందీ ఆమే. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. "ఇంత నోరున్నాది, బేంకీలో ఏలుముద్రేటప్పా నీకు?" అని ఒకరోజు మధ్యాహ్నం రేకు పళ్ళెంలో మైదాపిండి పరిచి, నా వేలు పట్టుకుని 'అ' రాయించింది. వంకర పోతే నాకు కోపమొచ్చేది. "తుడిసెయ్, పిండే కదా" అనేది. ఏడాది పట్టింది. ఈ వయసులో నీకెందుకే చదువు అని మా ఇంట్లోవాళ్ళు నవ్వితే, ఆమె మా గుమ్మంలోకొచ్చి "సచ్చీలోగా ఒక్క ఉత్తరమైనా రాస్తాది, మీరు రాస్తారా?" అని వాళ్ళ నోళ్ళు మూయించింది.

చదవడం వచ్చాక నన్నెవరూ పట్టలేకపోయారు. బస్సు బోర్డు కనిపిస్తే పైకి చదివేదాన్ని. మందు సీసా, సబ్బు కాగితం, గోడ మీద రాతలు ఏదీ వదిలేదాన్ని కాదు. పైడమ్మ కనిపిస్తే మరీను. "కళ్ళుండేటి లాభమే, అచ్చరం రాకపోతే" అని దెప్పేదాన్ని. అది ఒక మాటు "నాకు కళ్ళున్నయ్యి, అయి సాల్లే" అంది. నేను మానలేదు.

ఒకరోజు ఆమెతో అన్నాను. "ఇంకా ఈ దారాలేటే, సంతలో మేకలకి కట్టినట్టు? కాయితాలు అచ్చేయించు. నాను సదివి అంటిస్తాను."

"దారమైతే నాకూ తెలుస్తాది కదప్పా" అంది పైడమ్మ.

"నీకోసం వేపారం ఆపుకుంతామేటి?" అన్నాను.

ఆమె పిండి కలుపుతూ ఆగి నా మొహం చూసింది. దారాలు మానడం ఆమెకి ఇష్టం లేదని నాకు తెలిసింది. నా ముచ్చట కాదనలేకపోతోందనీ తెలిసింది. తెలిసీ పట్టుబట్టాను. విజయనగరం వెళ్ళి రెండు రకాల కాగితాలు అచ్చేయించుకొచ్చింది. "గుడ్డు లేని కేకు" అని కొన్ని, "గుడ్డు వేసిన కేకు" అని కొన్ని. రెండూ తెల్లవే, రెండింటి మీదా నల్ల అక్షరాలే. చదివేదాన్ని నేనున్నాను కదా, రంగులెందుకు?

మూడు నెలలు బాగానే నడిచింది.

ఆ రోజు కేకులు ఎక్కువున్నాయి. గుడి సేవ చేసే ఒక పంతులుగారింట్లో మనవరాలి మొదటి పుట్టినరోజు. ఆ ఇంటి పెద్దావిడ మెచ్చుకుంటే ఆ చుట్టరికంలో ఇరవై ఇళ్ళు ఆమెవే. ఇంకొకటి ఏదో ఆఫీసులో రిటైరయ్యే ఆయన కోసం, గుడ్డు వేసినది. నేను బల్ల దగ్గర కూర్చున్నాక కొంగు తడుముకుంటే కళ్ళజోడు లేదు. ఇంట్లో మరిచిపోయాను. కళ్ళజోడు లేకపోతే అక్షరాలు నాకు చీమల బారులా కనిపిస్తాయి. ఇంటికెళ్ళి తెచ్చుకోవడానికి పావుగంట పడుతుంది. ఆటో బయట నిలబడి ఉంది. ఎదురుగా పైడమ్మ పెట్టెలు మడతపెడుతూ నన్నే చూస్తోంది.

కనిపించడం లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. పైడమ్మ ముందు ఆ మాట అనలేకపోయాను. కాగితాల కట్ట ఎత్తి కళ్ళకి దగ్గరగా పట్టుకుని, చదువుతున్నట్టు పెదాలు కదిపాను. "ఇయి గుడ్డు నేనివి" అన్నాను గట్టిగా. ఆ కట్టని రోజూ బల్లకి కుడివైపు పెడతాను, కుడివైపుంది కాబట్టి అదేనన్నాను. పొద్దున్న బల్ల తుడుస్తూ ఆమె రెండు కట్టల్నీ అటుది ఇటు, ఇటుది అటు పెట్టిందని నాకు తెలీదు. చదివి ఉంటే తెలిసేది. గుడ్డు లేనివీ వేసినవీ ఆమె వేరు వేరు వరసల్లో పెట్టింది, ఒక్కో వరసకి ఒక్కో కట్టలోంచి తీసి అన్ని పెట్టెల మీదా అంటించేశాను. ఆమె ఓవెను దగ్గరనుంచి "అప్పా, సూసినావా?" అని అడిగింది. "సూసినాను" అన్నాను. పెట్టె మీద కాగితం చూసి ఆటోవాడు ఎక్కడివక్కడ ఇచ్చేశాడు.

సాయంత్రం ఫోను మోగింది. చేతులకి పిండి ఉందని ఆమె స్పీకరు పెట్టమంది. పంతులుగారింటి పెద్దావిడ గొంతు.

"ఏమమ్మా, నీచు వాసనొస్తోందేమిటి నీ కేకు? నిన్ను నమ్మి గుమ్మంలోకి రానిచ్చాను. మావారు ముక్క నోట్లో పెట్టుకున్నారు! ఈ పూట ఆయన గుళ్ళో అడుగు పెట్టగలరా చెప్పు?"

ఆమె ఏదో అనబోయింది. ఫోను పెట్టేశారు. కాసేపటికి ఆఫీసువాళ్ళు చేశారు, ఈసారి కేకు కొంచెం పొడిగా ఉందేమిటండీ అని. అప్పుడు ఆమె చేతులు కడుక్కుని వచ్చి, బల్ల మీద మిగిలిన కాగితాలు ఒక కట్ట, మరొక కట్ట చూసింది. చూసి నేల మీద కూర్చుండిపోయింది. నేను వత్తులు పేనుతున్నాను. తల ఎత్తలేదు. నా వేళ్ళ మధ్య నూలు తెగిపోయింది, మళ్ళీ మొదలుపెట్టాను.

మర్నాడు పొద్దున్నే మా కళ్ళానికి వచ్చింది. చోళ్ళు ఎండబోస్తున్నాను. గొంతుక్కూర్చుని చేత్తో గింజలు తిరగేసింది.

"అప్పా, నిన్న కళ్ళజోడు తెచ్చుకున్నావా?"

"తెచ్చుకున్నాను. ఏం?"

"ఊరికినే."

"నాను తప్పు సదివినానంతావేటి?" అని గొంతు లేపాను. తప్పు చేసిన నోరే ముందు లేస్తుంది.

"నానేటీ అన్నేదప్పా" అంది. గింజల్లోంచి చిన్న రాయి ఏరి అవతల పారేసింది. కాసేపు ఆగింది. ఆ ఆగడం నాకోసమేనని అప్పుడూ తెలుసు. నేను చేట తీసుకుని అటు తిరిగాను. "మరి నాకే మసకేసినట్టున్నాది" అని లేచి, చీర దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ మాటలో ఎగతాళి ఏమైనా ఉందా అని చాలా ఏళ్ళు వెతుక్కున్నాను. లేదు. ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

నెల తిరక్కుండా ఆ ఇళ్ళన్నీ మానేశాయి. అన్నీ ఒకే గిన్నెలో కలుపుతుందట అన్న మాట గజపతినగరం దాటి విజయనగరం దాకా పోయింది. కొండెక్కే కొవ్వొత్తి అడిగేవాళ్ళు లేకపోయారు, దాన్ని కోరుకున్నది ఆ ఇళ్ళే కదా. ఆమె అంగడి మూసెయ్యలేదు. చర్చికి కొవ్వొత్తులు పోసింది, టీ బడ్డీలకి బన్నులు చేసింది. రోజూ తెల్లవారకముందే వెలిగే ఓవెను ఇప్పుడు శనివారం ఒక్కరోజే వెలిగేది. ఆకుపచ్చ దారం, ఎర్ర దారం మళ్ళీ వచ్చాయి. కాగితాలు ఏమయ్యాయో నేనడగలేదు. నన్ను రావద్దనలేదు, ఇంతకుముందులాగే టీ ఇచ్చింది, వత్తులు పేనమంది. నా చదువు సంగతి కూడా మానలేదు. పొట్లం కట్టొచ్చిన పేపరు ముక్క నా ముందు పెట్టి "సదువప్పా, ఇంతాను" అనేది. నాకు చదవబుద్ధయ్యేది కాదు. అయినా చదివేదాన్ని.

సంఘం మీటింగులో ఒకావిడ అంది, "అజాగర్త మనిసికి పెద్దిళ్ళ వేపారమెందుకు?" అని. ఆమె అక్కడే ఉంది. నేనూ ఉన్నాను. పైడమ్మ నన్ను చూసింది. కాగితాలు అంటించింది నేనేనని దానికి తెలుసు, దాని ఎదురుగానే కదా అంటించాను. ఇది ఇప్పుడు చెప్పేస్తుంది, పోనీ చెప్పేస్తే బాగుణ్ణు అనుకున్నాను. అది తల దించుకుంది. నేను మట్టె సర్దుకున్నాను.

ఇలా నాలుగేళ్ళు గడిచాయి. మొన్న వానల్లో ఆమె మంచం పట్టింది. చూడ్డానికి వెళ్ళినప్పుడు చెప్పేద్దామనే వెళ్ళాను. మనిషి సగమైపోయింది. "ఓవెను పైడమ్మకిచ్చీసినానప్పా. దానికి నువ్వు అచ్చరాలు నేర్పాలి. దెప్పకుండా నేర్పు" అని నవ్వింది. మోచెయ్యి నోటి దాకా రాలేదు.

"ఒసే, ఆ రోజు..." అన్నాను.

"ఏ రోజప్పా?"

కళ్ళు నిదానంగా నా మీద నిలిపింది. ఆమెకి తెలుసు ఏ రోజో.

"ఏటి నేదు. మందేసుకున్నావా?" అన్నాను.

వారానికి పోయింది.

కర్మలన్నీ అయ్యాక నేను పంతులుగారింటికి వెళ్ళాను. ఎన్నడూ వెళ్ళని ఇల్లు, అడుగుతూ వెళ్ళాను. పెద్దావిడ వసారాలో కూర్చుని గుడికి దండ గుచ్చుతోంది. కేకులు చేసే ఆమె పోయిందని చెప్పాను. "అయ్యో" అంది. ఆ పుట్టినరోజు కేకు సంగతి గుర్తుచేసి, "ఆ కాయితాలు అంటించింది ఆవిడ కాదమ్మా, నేను. సదవకుండా అంటించాను" అన్నాను. దారంతా అనుకుంటూ వెళ్ళిన మాట కాబట్టి తడబడకుండానే వచ్చింది.

పెద్దావిడ సూది ఆపి నన్ను చూసింది.

"పోయినావిడ కోసం నిందలు నెత్తినేసుకుంటున్నావా? ఆవిడ మర్నాడు పొద్దున్నే వచ్చిందిగా. ఇదిగో, ఇక్కడే నిలబడి చెప్పింది. నా చేత్తో నేనే అంటించానమ్మా, కళ్ళు మసకేశాయి అంది."

"కాదమ్మా. నేనే."

"బాగుందమ్మా. స్నేహమంటే ఇలా ఉండాలి" అని లోపలికి కేకేసింది, "ఒసేవ్, ఈవిడకి కాఫీ తీసుకురా. ఎంత మంచి మనసో చూడు" అని.

మా కళ్ళంలోంచి లేచి ఆమె నేరుగా అక్కడికే వెళ్ళిందన్నమాట. కళ్ళజోడు తెచ్చుకోలేదే, మరిచిపోయాను అని నేను ఒక్క మాట అని ఉంటే ఆ ఇంటి ముందు ఏమని చెప్పేదో నాకు తెలీదు. ఇంకోలా చెప్పే వీలు ఆమెకి నేనివ్వలేదు. కాఫీ వచ్చింది. ఆ మంచి మనసు కాఫీని పూర్తిగా తాగాను. కాదని గట్టిగా అరిచి రావాల్సింది, అలవాటున్నదాన్నే. తాగి, వస్తానమ్మా అని లేచాను.

తిరిగొచ్చి పైడమ్మ దగ్గరికి వెళ్ళాను. బన్నులు తీస్తోంది.

"నాతో రావే ఆల్లింటికి. నువ్వు సూసినావు కదా, సాచ్చికం సెప్పు."

"నాను రాను. ఎలుగుతున్న కొవ్వొత్తి మీద నాసేత ఒట్టేయించుకున్నాది, నీ పేరెత్తనని."

"ఎందుకే?"

"నన్నడుగుతావేటి? 'పేరు బయటికొస్తే అప్ప సిగ్గుపడి మరింక అచ్చరం ముట్టదే. యాభై ఎనిమిదేళ్ళకి నేర్సుకున్నాది. నాలుగు కేకులు పోతే పోనీ' అన్నాది." పైడమ్మ బన్నుల పళ్ళెం ఠక్కున బల్ల మీద పెట్టింది. "సాలా? ఇంక నన్నేటీ అడక్కు. ఎల్లు."

పోయింది నాలుగు కేకులు కాదు. అది దానికీ తెలుసు, నాకూ తెలుసు.

నోటితో చెబితే నమ్మలేదు. చూసినామె రానంది. అందుకని ఆమె నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నాను, కేకులు మానేసిన ఇళ్ళలో చదువొచ్చినవాళ్ళే ఉన్నారు కాబట్టి ఎవరో ఒకరు చదువుతారని. ఆమె గిన్నెలు ఎప్పుడూ వేరుగానే ఉండేవి. కాగితాలు అంటించింది ఆమె కాదు, నేను. ఆమె అడిగితే అబద్ధం చెప్పాను.